మడిలో దిగే ట్రాక్టరుకు టైరు గాలి, కేజ్ వీల్స్: ముందు ఏది, తరువాత ఏది

కేసీ (కర్నూలు-కడప) కాలువకు నీళ్లు వదిలారంటే నంద్యాల, ఆళ్లగడ్డ మొదలు కింద మైదుకూరు, చాపాడు దాకా ట్రాక్టర్లకు ఇనుప చక్రాలు ఎక్కుతాయి. నాట్లకు అదును తప్పిపోతుందన్న తొందరలో చుట్టూ రెక్కలున్న ఈ ఇనుప చక్రాలను, అంటే కేజ్ వీల్స్‌ను, బిగించేస్తారు. టైర్లలో గాలి మాత్రం నిన్న ట్రాలీ తోలినప్పుడు ఎంతుందో అంతే ఉంటుంది. దమ్ములో, అంటే నీళ్లు పెట్టిన మడిని నాటుకు బురద చేసేటప్పుడు, వచ్చే ఇబ్బందులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. బోల్టులు ఊడడం, రెక్కలు వంగడం, ట్యూబు వాల్ (గాలి ఎక్కించే ముక్కు) తెగడం, ట్రాక్టరు ఒక పక్కకు లాగడం, అన్నీ ఈ వరస తప్పడం వల్లే.

టైరులో గాలిని బట్టి యాక్సిల్ (చక్రాల ఇరుసు) ఎత్తు మారుతుంది. యాక్సిల్ ఎత్తును బట్టి కేజ్ రెక్క నేలను ఎప్పుడు తాకుతుందో తేలుతుంది. అందుకే గాలినీ కేజ్‌నూ విడివిడిగా చూడకూడదు. ముందు గాలి, తరువాత రెక్కకు నేలకు మధ్య ఎడం, ఆ తరువాతే బోల్టు.

ఇక్కడ చెప్పే అంకెలు 40 నుంచి 50 హెచ్‌పీ ట్రాక్టరుకు సరిపోయేవి. అంటే వెనక 13.6-28 లేదా 14.9-28 టైర్లు, ముందు 6.00-16 లేదా 7.50-16 టైర్లు ఉన్న మామూలు టూవీల్ డ్రైవ్ బండి. మీ ట్రాక్టరు పుస్తకంలోనో, టైరు పక్కనో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి.

హాఫ్ వీల్సా, ఫుల్ వీల్సా

హాఫ్ కేజ్ వీల్ టైరుకు బయటి పక్కన ఉంటుంది, టైరు అలాగే ఉంటుంది. ఫుల్ కేజ్ వీల్ అయితే టైరును తీసేసి దాని చోట బిగించాలి. పక్క రైతు ఏది వాడాడో చూసి ఎంచుకోకండి. మీ కయ్య (మడి) అడుగు ఎంత లోతులో ఉందో చూసి ఎంచుకోండి.

నీళ్లు పెట్టి బాగా నానిన కయ్యలో నాలుగు మూలలా, మధ్యలో, నీళ్లు వచ్చే మడవ దగ్గర గడ్డపారను చేతి బలంతో మాత్రమే దించండి, పోటు వేయకండి. గట్టి అడుగు తగిలిన చోట గుర్తు పెట్టి లోతు కొలవండి. 15 సెంటీమీటర్ల లోపే అడుగు తగిలితే మంచి గ్రిప్పున్న టైరు ఒక్కటే చాలు. 15 నుంచి 30 మధ్య ఉంటే హాఫ్ కేజ్. 30 దాటితే ఫుల్ కేజ్ గురించి ఆలోచించాలి, ఎందుకంటే ఈ సైజు ట్రాక్టర్లకు కడుపు కింద ఎడం సాధారణంగా 35, 40 సెంటీమీటర్లే. కడుపు బురద మీద ఆనిందంటే ఏ చక్రమూ పనికిరాదు. గడ్డపార ఆగకుండా దిగుతూనే పోతుంటే ఆ కయ్యలోకి పెద్ద బండిని దించవద్దు, పవర్ టిల్లర్‌తో చేయించండి.

నల్లరేగడిలో ఈ పరీక్షను అసలు వదలకూడదు. ఏళ్లుగా వరి వేస్తున్న మడికి కింద గట్టి పొర ఏర్పడి ఉంటుంది, టైరుకు అదే నేల. నిన్నటిదాకా జొన్న, శనగ, పత్తి వేసి ఈ ఏడాది కొత్తగా మడి కట్టిన చేనుకు ఆ పొర ఉండదు. వేసవిలో లోతు దుక్కి దున్నినా, లోతు పొరను చీల్చే సబ్‌సాయిలర్ వేసినా ఉన్న పొర చెదిరిపోతుంది. పైగా రేగడి ఎండినప్పుడు బారెడు నెర్రెలు ఇస్తుంది. మొదటి తడికి ఆ నెర్రెల్లోంచి నీళ్లు లోతుకు పోయి అడుగంతా మెత్తబడుతుంది, పైన చూస్తే గట్టిగానే ఉంటుంది. నెర్రెలు ఉబ్బి మూసుకున్నాక, మళ్లీ నీళ్లు నిలిపి, అప్పుడు గడ్డపార పరీక్ష చేయండి. కాలువ గట్టు ఊట దిగే వార, పూడ్చిన పాత గుంత, మడవ నోరు, ఈ మూడూ ఎప్పుడూ మిగతా కయ్య కంటే లోతుగా ఉంటాయి. అక్కడ కట్టె పాతి గుర్తు పెట్టుకోండి.

అనంతపురం వైపు హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) కింద, చెరువుల కింద ఉన్న ఎర్రనేలల్లో అడుగు దగ్గరగానే దొరుకుతుంది. అక్కడ హాఫ్ కేజ్ ధారాళంగా చాలు, చాలాచోట్ల అదీ అవసరం ఉండదు. ఆ నేలల్లో చూసుకోవలసింది రాయిని. గుండు తగిలిందంటే రెక్క వంగుతుంది, లేదా వెల్డింగ్ దగ్గర చీలుతుంది.

గాలి

గాలిని పౌండ్లలో, అంటే పీఎస్ఐలో చెప్పుకుందాం. వెనక టైర్లకు పొలం పనిలో 12 నుంచి 14 పౌండ్లు, రోడ్డు మీద బరువు ట్రాలీ లాగేటప్పుడు 16 నుంచి 20 పౌండ్లు. ముందు టైర్లకు 24 నుంచి 28 పౌండ్లు. దమ్ముకు వెనక రెండింటినీ 12 దగ్గర పెట్టండి. ఒక టైరుకు, ఇంకో టైరుకు ఒక్క పౌండు కంటే తేడా ఉండకూడదు. తేడా ఉంటే తక్కువ గాలి ఉన్న వైపు యాక్సిల్ దిగి, ఆ పక్క కేజ్ ముందుగా నేలను పట్టుకుంటుంది. ట్రాక్టరు అటు లాగుతుంటే డ్రైవరు స్టీరింగ్‌తో, బ్రేకుతో రోజంతా దాన్ని సరిచేస్తూ ఉండాల్సి వస్తుంది.

లారీలకు గాలి కొట్టే షాపులోని మీటరు ఈ పనికి రాదు. దాని మీద గీతలు పదేసి పౌండ్లకు ఒకటి ఉంటాయి, 20 లోపు చూపించేదంతా అంచనాయే. 0 నుంచి 30 పౌండ్ల దాకా, ఒక్కో పౌండుకు గీత ఉన్న చిన్న మీటరు కొనుక్కోండి. ఒక ట్యూబు ఖరీదుతో పోలిస్తే దాని ధర లెక్కలోది కాదు.

గాలి తెల్లారి చూడాలి, బండి కదలక ముందు. మన ఎండలకు పొద్దున 25 డిగ్రీల్లో 12 పౌండ్లున్న టైరు మధ్యాహ్నం 40 డిగ్రీలకు 13 దాటి చూపిస్తుంది. నడిచిన వేడి కలిస్తే ఇంకా ఎక్కువ. ఎక్కువ ఉందని అప్పుడు గాలి తీస్తే తెల్లారేసరికి 11కు, 10కి పడిపోతుంది.

తక్కువ గాలి ఉంటే టైరు వెడల్పుగా పరుచుకుని బురదలో దిగబడదు కదా అని కొందరు 8కి, 9కి దించుతారు. ఇది చేయవద్దు. మన ట్రాక్టర్లకు ఎక్కువగా ఉండేవి ట్యూబు టైర్లే. గాలి బాగా తగ్గితే టైరు అంచు రిమ్ము మీద పట్టు వదులుతుంది. దమ్ములో బలం పడినప్పుడు రిమ్ము తిరుగుతుంది, టైరు వెనకబడుతుంది, టైరుతో పాటు ట్యూబు కూడా జరిగి వాల్ మొదట్లో తెగుతుంది. దీన్ని ముందే పట్టుకోవచ్చు. రిమ్ము మీద, దానికి ఎదురుగా టైరు పక్కన ఒకే గీతగా తెల్ల పెయింటు పూయండి. సాయంత్రానికి రెండు గీతలు ఎడమైతే టైరు జారుతోందని అర్థం. వాల్ నిటారుగా కాక ఒక పక్కకు ఒరిగి కనిపించినా అదే. అప్పుడు గాలి పూర్తిగా తీసి, టైరును మళ్లీ గీతకు తెచ్చి, అంచు బాగా కూర్చునేలా గాలి కొట్టి, తరువాత 12కు దించాలి. కొట్టేటప్పుడు టైరు మీద రాసిన గరిష్ఠ పీడనం దాటవద్దు, టైరుకు ఎదురుగా నిలబడవద్దు.

ఎక్కువ గాలి వల్ల కలిగే నష్టం మెల్లగా తెలుస్తుంది. 20 పౌండ్లతో దమ్ములోకి దిగితే టైరు ఉబ్బి నేలను మధ్యలో మాత్రమే తాకుతుంది, లోతుగా కోస్తుంది, అడుగు గట్టి పొరను కూడా చెడగొడుతుంది. అది చెడితే వచ్చే ఏడాది అదే కయ్యలో ఇంకా లోతుకు దిగుతారు. డీజిలు ఖర్చు కంటే ఇదే పెద్ద నష్టం.

టైరులో నీళ్లు ఉంటే

పొడి దుక్కికి, ట్రాలీకి బరువు కోసం చాలామంది వెనక టైర్లలో నీళ్లు నింపిస్తారు. వాల్‌ను పైకి పెట్టి ఆ మట్టం దాకా నింపితే టైరులో సుమారు ముప్పాతిక వంతు నిండుతుంది. 13.6-28 టైరుకు అది 185 లీటర్ల దగ్గర, 14.9-28కు 225 లీటర్ల దగ్గర. రెండు టైర్లకూ కలిపి దాదాపు 400 కిలోలు మీరు బురదలోకి మోసుకుపోతున్నట్టు. పొడి నేలలో పట్టునిచ్చే ఆ బరువే దమ్ములో బండిని ముంచుతుంది. పట్టు ఇవ్వడానికి కేజ్ ఉంది కాబట్టి సీజను మొదలయ్యే ముందే నీళ్లు తీసేయండి. వెనక చక్రాలకు ఇనుప బరువులు ఉంటే అవీ విప్పండి. ముందున్న బరువులు మాత్రం ఉండనివ్వండి, అవి ముందు భాగం లేవకుండా ఆపుతాయి.

తీయడం తేలిక. గట్టి నేల మీద బండి నిలిపి, యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రం నేల విడిచేదాకా లేపి, యాక్సిల్ కిందకు చెక్క దిమ్మలు తోయండి. వాల్ అడుగుకు వచ్చేలా చక్రం తిప్పి వాల్ పిన్ను విప్పండి. గాలి బలంతో నీళ్లు మొదట చిమ్ముతాయి కాబట్టి ముఖం పక్కకు పెట్టుకోండి. ధార ఆగిపోతే కొంచెం గాలి కొట్టి మళ్లీ వదలండి. వాల్ మట్టం కంటే కిందున్న నీళ్లు మాత్రం ఇలా రావు, వాటిని టైరు షాపులో తీయించండి.

నీళ్లు ఉన్న టైరులో గాలి చూడాల్సి వస్తే వాల్‌ను పైకి తిప్పే చూడండి. వాల్ కింద ఉంటే పైనున్న నీటి బరువు కూడా కలిసి మీటరు ఒక పౌండు దాకా ఎక్కువ చూపిస్తుంది. నీళ్లు మీటరులోకి పోయి అది పాడవుతుంది కూడా.

కేజ్ కొలత

ఇప్పుడు అసలు లెక్క. గాలి 12కు సరిచేసిన ట్రాక్టరును సిమెంటు గచ్చు మీదో, కళ్లం మీదో నిలపండి. వెనక రోటవేటర్ (తిరిగే కత్తులతో మట్టిని నలిపే పనిముట్టు) తగిలించి, దాన్ని పైకి ఎత్తి ఉంచండి. మలుపు దగ్గర ఉండే పరిస్థితి అదే, వెనక యాక్సిల్ మీద బరువంతా పడేదీ అప్పుడే. పనిముట్టు లేకుండా కొలిచి, తరువాత తగిలించి, కేజ్ నేలకు రాసుకుంటోందని చూసి ఆశ్చర్యపోయేవాళ్లు చాలామంది.

యాక్సిల్ మధ్య నుంచి నేల దాకా టేపుతో కొలవండి. 60 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. కేజ్ మధ్య నుంచి రెక్క కొన దాకా 56 ఉండాలి, అంటే గట్టి నేల మీద రెక్క కొనకూ నేలకూ నాలుగు సెంటీమీటర్ల ఎడం. మూడు నుంచి అయిదు దాకా ఉన్నా పని జరుగుతుంది. ఈ ఎడం ఉంటే గట్టి నేల మీద బరువంతా టైరే మోస్తుంది, టైరు నాలుగు సెంటీమీటర్ల లోతు దిగబడగానే కేజ్ అందుకుంటుంది.

ఎడం ఒకటికి, రెండుకు తగ్గితే గెనిమ (మడి గట్టు) దాటేటప్పుడు, బాట మీద నడిచేటప్పుడు బండి బరువు టైరును విడిచి కేజ్ మీదికి వస్తుంది. కేజ్ టైరు కంటే బయటగా ఉంది కాబట్టి యాక్సిల్ బేరింగు మీద, రిమ్ము మీద వంపు బలం ఎన్నో రెట్లవుతుంది. వారం తిరక్కుండానే రిమ్ము ఊగుతుంది, యాక్సిల్ సీలు కారుతుంది. ఎడం ఎనిమిది, పది ఉంటే ఇంకో చిక్కు. టైరు బాగా దిగబడేదాకా కేజ్ ఖాళీగా తిరుగుతుంది, అది పట్టుకునేసరికి ఆలస్యమవుతుంది.

గాలి 18 పౌండ్లు ఉన్నప్పుడు సరిగ్గా నాలుగు ఎడం పెట్టి, తరువాత గాలిని 12కు దించితే యాక్సిల్ దాదాపు ఒక సెంటీమీటరు దిగుతుంది. దానికి తోడు టైరు గ్రిప్పు అరిగితే ఇంకొంత. అందుకే పోయిన ఏడాది కొలత ఈ ఏడాదికి పనికిరాదు. కొత్త టైర్లకు చేయించిన కేజ్‌ను అరిగిన టైర్లున్న బండికి అప్పు తెచ్చి బిగించేవాళ్లు కూడా ఇది గుర్తు పెట్టుకోవాలి.

కొత్తగా చేయించేటప్పుడు వెల్డింగ్ షాపు అతనికి యాక్సిల్ ఎత్తు మీరే కొలిచి ఇవ్వండి, టైరు సైజు చెప్పి ఊరుకోకండి. తెచ్చాక రెండు కేజ్‌లనూ పక్కపక్కన నిలబెట్టి వ్యాసం చూడండి, సెంటీమీటరుకు మించి తేడా ఉండకూడదు. రెక్కల మొదట్లో వెల్డింగ్ రెండు వైపులా ఉండాలి. ఒక వైపే చుక్కలు పెట్టి వదిలేస్తే మొదటి రాయికే ఊడుతుంది.

ఇంకో మాట, ప్రాణానికి సంబంధించింది. కేజ్ బిగించడానికి రిమ్ముకు క్లాంపులు వెల్డింగ్ చేయించాలంటే టైరును, ట్యూబును పూర్తిగా విప్పాకే చేయించండి. గాలి తీశాం కదా అని టైరు ఉండగానే వేడి చేస్తే లోపల రబ్బరు కాలి పుట్టే వాయువు పేలుతుంది. పేలితే రిమ్ము ముక్కలు మనిషిని చంపగలవు. బండి మీదే ఇంకేదైనా వెల్డింగ్ చేయించాల్సి వస్తే బ్యాటరీ తీగలు విప్పి, ఎర్తు క్లిప్పును అతికే చోటికి దగ్గరగా పెట్టించండి. దూరంగా పెడితే కరెంటు బేరింగుల్లోంచి పోయి వాటిని గుంటలు చేస్తుంది.

హాఫ్ కేజ్ బిగించే వరస

మొదట వెనక చక్రాల మధ్య వెడల్పును వీలైనంత లోపలికి తెచ్చుకోండి. డిస్కును (చక్రం మధ్యనున్న రేకు పళ్లాన్ని), రిమ్మును తిరగేసి బిగిస్తే వెడల్పు మారుతుంది. ఒక్కో పక్క అడుగు వెడల్పు కేజ్ చేరాక బండి మొత్తం వెడల్పు రెండడుగులు పెరుగుతుంది. చక్రం లోపల ఉన్నకొద్దీ యాక్సిల్ మీద భారం తగ్గుతుంది, గెనిమల మధ్య ఇరుకు దారుల్లో తిప్పుకోవడమూ తేలిక. మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య నాలుగు వేళ్లు ఎడం మిగలాలి. లేకపోతే బురద ఇరుక్కుని మడ్‌గార్డును చీలుస్తుంది.

బండిని సమంగా ఉన్న గట్టి నేల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టండి. ఒకసారికి ఒక చక్రమే లేపాలి. జాకీ యాక్సిల్ గొట్టం కింద ఉండాలి. గేర్ బాక్సు మధ్యలో పెడితే బండి ఒక పక్కకు ఒరుగుతుంది. లేపాక దిమ్మల మీద ఆనించండి, జాకీ ఒక్కదాన్నే నమ్మి కాళ్లు కిందకు పెట్టవద్దు.

రిమ్ము మీద, క్లాంపుల కింద ఎండిన మట్టిని గీకి తుడవండి. మట్టి పొర మీద బిగించిన బోల్టు నీళ్లు తగలగానే, మట్టి కరగగానే వదులవుతుంది. పొద్దున గట్టిగా బిగించినా మధ్యాహ్నానికే ఎందుకు వదులైందన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ఇదే.

కేజ్‌ను ఏ వైపుకు ఏది అని చూసుకోండి. రెక్కలు ఏటవాలుగా ఉంటే వాటి వాలు టైరు గ్రిప్పు వాలుతో కలవాలి. టైరు పక్కన తిరిగే దిక్కుకు బాణం గుర్తు ఉంటుంది. ఆ దిక్కున తిరిగితే గ్రిప్పు మధ్య కొన ముందు నేలను తాకి, మట్టిని మధ్య నుంచి బయటికి తోస్తుంది. కేజ్ రెక్క కూడా టైరు వైపు కొనతో ముందు నేలను తాకి, మట్టిని బయటికే తోయాలి. ఎడమది కుడికి పెడితే బురద టైరు వైపుకు వచ్చి, కేజ్‌కూ టైరుకూ మధ్య ముద్దగా పేరుకుంటుంది. రేగడి ఒకసారి అలా పేరుకుంటే రెండు చక్రాలూ కలిసి నున్నటి దిమ్మలా తిరుగుతాయి, పట్టు ఉండదు. మధ్యలో కనీసం రెండు మూడు వేళ్లు ఎడం ఉండాలనేది కూడా ఇందుకే.

బోల్టులు 8.8 అని తల మీద రాసి ఉన్న హైటెన్సిల్‌వి వాడండి, స్ప్రింగ్ వాషరు తప్పనిసరి. అన్నీ చేత్తో పట్టించాక ఎదురెదురుగా ఉన్నవాటిని జంటలుగా బిగించుకుంటూ పోవాలి. వరసగా చుట్టూ బిగిస్తే కేజ్ ఒక పక్కకు కూర్చుని ఊగుతుంది. 16 ఎంఎం బోల్టుకు సుమారు 200 న్యూటన్ మీటర్లు కావాలి. టార్క్ రెంచ్ లేకపోతే స్పానరుకు మీటరు పొడవు పైపు తొడిగి, కొన మీద 20 కిలోల బలం పెడితే అంత వస్తుంది. మీద ఎక్కి తొక్కకండి, మర సాగిపోతుంది. మరలకు గ్రీజు పూసి ఉంటే ఇంకొంచెం తక్కువ చాలు. డిస్కు నట్లకు మాత్రం ట్రాక్టరు పుస్తకంలో ఇచ్చిన లెక్కే పాటించాలి.

చక్రం పైన ఉండగానే, ముందు చక్రాలకు రాళ్లు ఉన్నాయని చూసుకుని, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలి, చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి. మడ్‌గార్డుకు, వెనక లిఫ్ట్ చేతులకు, రోటవేటర్ ఫ్రేముకు ఎక్కడైనా రాసుకుంటోందా? రోటవేటర్‌ను ఎత్తి ఒకసారి, దించి ఒకసారి చూడాలి. రెండో చక్రమూ అయ్యాక బండిని దించి రెండు పక్కలా ఎడం మళ్లీ కొలవండి.

మడిలోకి దిగి మొదటి గంట పని అయ్యాక ఒకసారి ఆగి అన్ని బోల్టులూ బిగించండి. కొత్త రంగు, కొత్త లోహం అణిగి మొదటి గంటలోనే వదులవుతాయి. తరువాత రోజూ పొద్దున ఒకసారి చాలు.

ఫుల్ కేజ్ అయితే

ఫుల్ కేజ్‌ను ట్రాలీలో వేసుకుని పొలం దాకా టైర్ల మీదే వెళ్లాలి, గట్టు పక్కన గట్టి చోట మార్చుకోవాలి. నీళ్లు తీయని 13.6-28 చక్రం మొత్తం 300 కిలోల దగ్గర బరువు ఉంటుంది. ఇద్దరు మనుషులు పట్టుకోగలిగినది కాదు, నిలబెట్టినప్పుడు పడితే కాలు విరుగుతుంది. చక్రాన్ని నేల నుంచి ఒక వేలు మాత్రమే లేపి, కింద గ్రీజు రాసిన రేకు వేసి, దాని మీద జరపడం సురక్షితం.

ఫుల్ కేజ్‌లో గాలి లెక్క లేదు, కానీ దాని బదులు వ్యాసం లెక్క ఉంది. టైరు కంటే బాగా చిన్న కేజ్ పెడితే కడుపు ఎడం తగ్గిపోతుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి ఇంకా జాగ్రత్త కావాలి. ముందు చక్రాలు వెనకవాటి కంటే కొద్ది శాతం వేగంగా తిరిగేలా కంపెనీ గేర్లు అమర్చి ఉంటుంది. వెనక వ్యాసం మారితే ఆ లెక్క చెడుతుంది. మెత్తటి బురదలో జారుడు దాన్ని సర్దుతుంది, గట్టి నేల మీద ఆ తేడా అంతా గేర్ల మీద పడుతుంది. గెనిమ మీదికి రాగానే ఫోర్‌వీల్ తీసేయండి. హాఫ్ కేజ్ బిగించిన ఫోర్‌వీల్ బండికీ ఇదే మాట.

నీళ్లు లోపలికి పోకుండా

చాలా ట్రాక్టర్లలో క్లచ్ గది అడుగున ఒక రంధ్రం ఉంటుంది, పొడి పనిలో నూనె చుక్కలు బయటికి పోవడానికి. దమ్ముకు ముందు దాన్ని పుస్తకంలో చెప్పిన బిరడాతో మూయాలి. మరిచిపోతే బురద నీళ్లు క్లచ్ ప్లేటు మీదికి చేరతాయి. ముందు యాక్సిల్ నడిమి పిన్నుకు, కింగ్ పిన్నులకు, హబ్బులకు దమ్ము రోజుల్లో రోజూ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా గ్రీజు కొట్టండి. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడితే ఎక్కడో సీలు పోయి నీళ్లు కలిశాయన్నమాట. అలాగే నడిపితే బేరింగులు మిగలవు.

మడిలో నడిపే తీరు

దమ్ములో కొంత జారుడు ఉండాల్సిందే, మట్టిని నలిపేదీ అదే. మరీ ఎక్కువ అవుతోందా అన్నది కొలిచి తెలుసుకోవచ్చు. టైరు మీద సుద్ద గీత పెట్టి, గట్టి నేల మీద పనిముట్టు ఎత్తి పది చుట్లకు ఎంత దూరం పోయిందో కొలవండి. మడిలో పని చేస్తూ అదే పది చుట్లకు ఎంత పోయిందో చూడండి. 40 మీటర్లు పోవలసిన బండి 30 మీటర్లే పోతే జారుడు 25 శాతం. పొడి దుక్కిలో 10 నుంచి 15 శాతం మంచిది. దమ్ములో 25 దాటి పోతూ ఉంటే రోటవేటర్ లోతు తగ్గించండి, రెక్కల మధ్య పేరుకున్న బురదను తీసేయండి.

రెండు వెనక చక్రాలనూ ఒకే వేగంతో తిరిగేలా చేసే డిఫరెన్షియల్ లాక్‌ను నేరుగా పోయేటప్పుడు మాత్రమే, చక్రం జారడం మొదలవగానే వేయాలి. మలుపుకు ముందు తీసేయాలి. కేజ్ బాగా పట్టుకున్న బండిని లాక్‌తో తిప్పితే విరిగేది యాక్సిల్ షాఫ్టే.

బండి దిగబడిందంటే ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి: వెనక చక్రాలకు దుంగ కట్టి ముందుకు లాగకండి. చక్రం తిరగలేనప్పుడు ఇంజను బలం బండిని యాక్సిల్ చుట్టూ పైకి లేపుతుంది. ముందు చక్రాలు లేచి వెనక్కి తిరగబడడానికి రెండు సెకన్లు కూడా పట్టదు, క్లచ్ తొక్కే లోపే డ్రైవరు కింద ఉంటాడు. ఏటా ఈ పనిలో ప్రాణాలు పోతున్నాయి. దిగబడితే ముందు పనిముట్టును విప్పేసి, చక్రాల వెనక మట్టి తవ్వి, వెనక్కి తీయండి. వెనక్కి పోయేటప్పుడు బలం ముందు భాగాన్ని నేలకు అదుముతుంది. అప్పటికీ రాకపోతే ఇంకో ట్రాక్టరుతో లాగించండి. లాగే బండికి గొలుసు యాక్సిల్ కంటే కిందున్న డ్రాబార్‌కే (లాగడానికి ఉన్న కడ్డీకే) తగిలించాలి. టాప్ లింకుకో (పనిముట్టును పట్టే పై కడ్డీకో), యాక్సిల్‌కో కడితే ఆ బండి కూడా తిరగబడుతుంది. గొలుసు పక్కన, దానికి ఎదురుగా మనుషులు ఉండకూడదు.

గెనిమ దాటే చోట పారతో రెండు పక్కలా వాలు చెక్కి, ఏటవాలుగా కాకుండా సూటిగా, చిన్న గేరులో దాటించండి. గెనిమ ఎత్తుగా ఉండి వాలు చెక్కడం కుదరకపోతే వెనక్కి ఎక్కించడమే నయం.

పని అయ్యాక

కేజ్‌తో తారు రోడ్డు ఎక్కవద్దు. ఒక్క రాత్రి నడకతో ఊరి రోడ్డు గాట్లు పడుతుంది. దీనికి కేసులూ జరిమానాలూ ఉన్నాయి, అంతకంటే ముందు అది మన ఊరి రోడ్డు. హాఫ్ కేజ్ విప్పడానికి ఇద్దరికి అరగంట పని.

విప్పాక వెనక టైర్లకు గాలి 16 నుంచి 18కు పెంచాకే ట్రాలీ తగిలించండి. 12 పౌండ్లతో బరువు ట్రాలీని రోడ్డు మీద వేగంగా తోలితే టైరు పక్క గోడ ప్రతి చుట్టుకూ మడత పడి వేడెక్కుతుంది, లోపలి దారం తెగుతుంది, నెల తిరిగేసరికి పక్కన బుడిపె లేస్తుంది. ఆ టైరుకు మరమ్మతు లేదు. బరువు ఎక్కువైతే 20 దాకా పోవచ్చు.

సీజను ముగిశాక క్లచ్ గది బిరడా తీసేయండి, ఇది అందరూ మరిచిపోయే పని. కేజ్‌లను కడిగి ఎండనిచ్చి, వంగిన రెక్కలను సరిచేయించి, వెల్డింగ్ చీలికలు చూసి, వాడిన ఇంజనాయిలు పూసి, ఇటుకల మీద నిలబెట్టండి. బోల్టులను, వాషర్లను డీజిలులో కడిగి ఒక డబ్బాలో వేసి, ఆ డబ్బాను కేజ్‌కే కట్టి ఉంచండి. ఈ ఏడాది కొలిచిన యాక్సిల్ ఎత్తు, గాలి, ఎడం, ఈ మూడు అంకెలనూ తేదీతో సహా కేజ్ లోపలి పట్టీ మీద పెయింటుతో రాసుకుంటే, వచ్చే ఏడాది కొలిచినప్పుడు టైరు ఎంత అరిగిందో కూడా తెలుస్తుంది.